మూల దాటే గీతలు

ఆ ఆఫీసులో నా అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. "రూఫ్ అక్కా, ఒక్క నిమిషం" అని ఎవరో ఒకరు కేకేసేవాళ్ళు. నేను చేతిలో పని వదిలేసి లేచి వెళ్ళేదాన్ని. ఆ ఒక్క నిమిషం ఏనాడూ ఒక్క నిమిషంలో తేలింది లేదు.

ఊరికి మద్రాసు పోయి చెన్నై అని పేరు పడిన కొత్తల్లో, నుంగంబాక్కంలో ఒక మేడ మీద ఉండేది ఆ ఆఫీసు. అమెరికాలో ఇళ్ళు కట్టేవాళ్ళు చేత్తో గీసిన బొమ్మలను ఫాక్సులో పంపితే, మేం వాటిని కంప్యూటర్లో ఇళ్ళుగా లేపి తిరిగి పంపాలి. మాలో ఎవరమూ అమెరికా చూడలేదు. చెక్కతో కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో కూడా చూడలేదు. చింతాద్రిపేటలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇల్లంటే ఇటుక, సున్నం, పైన వడియాలు ఎండబెట్టుకునే మిద్దె. అలాంటిదాన్ని పొద్దస్తమానం చల్లటి ఏసీ గదిలో, చెప్పులు బయట విడిచి, చెక్క ఇళ్ళకు వాలు కప్పులు వేస్తూ కూర్చున్నాను. రాసిపెట్టి ఉంటే ఏదైనా జరుగుతుంది.

ఈ ఇళ్ళు లేపే ప్రోగ్రాము చూడ్డానికి మహా బుద్ధిమంతురాలు. మనం గోడ గీస్తే చాలు, దాని లోపల నిలువు చెక్కలు వరసగా తనే నిలబెడుతుంది. కిటికీ పెడితే దాని నెత్తిన అడ్డ దూలం తనే వేస్తుంది. వాలు ఎంతో చెప్తే కప్పు కూడా తనే కప్పుతుంది. అన్నీ సరిగా ఉంటే మాత్రమే. ఎక్కడో ఒక గోడ వెంట్రుకవాసి తేడాగా ఉందా, ఇక మన పని అయిపోయినట్టే. కప్పులో ఒక పక్క చిల్లు పడుతుంది. లేదంటే ఒక వాలు ఆకాశంలోకి లేచిపోతుంది. లేదంటే లోపలి గోడ ఒకటి కప్పును పొడుచుకుని పైకొస్తుంది. దాన్ని మేం కొమ్ము అనేవాళ్ళం. "అక్కా, కొమ్ము మొలిచింది" అని ఈ పక్క నుంచి ఒకరు, "చిల్లు పడింది" అని ఆ పక్క నుంచి ఇంకొకరు. ఏం తప్పు జరిగిందో ఆ మహాతల్లి చెప్పి చావదు. కప్పు మొత్తం పీకేసి, గోడల ఎత్తులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. చూరు అన్ని వైపులా సమానంగా ఉందా, గోడలన్నీ ఒకదాన్నొకటి తాకుతున్నాయా అని తడుముకోవాలి. మళ్ళీ వేయాలి. మళ్ళీ చిల్లు. సాయంత్రానికి తలప్రాణం తోకకు వచ్చేది.

ఈ గోలలోకి మా నాయనను నేనే తీసుకొచ్చాను.

నాయన డ్రాఫ్ట్స్‌మన్. చింతాద్రిపేటలోనే ఒక ముసలి ఇంజనీరు దగ్గర, నేను పుట్టక ముందు నుంచీ, వాలు బల్ల ముందు నిలబడి ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో ఇళ్ళ ప్లాన్లు గీశాడు. పెరంబూరులో, పురసవాక్కంలో ఏ వీధిలోకి పోయినా "ఇది నేను గీసిందే" అని ఒక ఇంటి ముందు నిలబడిపోయేవాడు. ఆ ఇంటివాళ్ళు కిటికీలోంచి అనుమానంగా చూస్తున్నా కదిలేవాడు కాదు. ఇంజనీరు పోయాక ఆయన కొడుకు బల్లలన్నీ తీయించి కంప్యూటర్లు పెట్టాడు. నాయనను రావద్దని ఎవరూ అనలేదు. నిలబడ్డానికి బల్ల లేకుండా పోయింది, అంతే.

ఇంట్లో తిండికి లోటేం లేదు. నా జీతం వస్తోంది, అమ్మ జాకెట్లు కుట్టేది. లోటంతా ఆయనకే. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక వసారాలో కూర్చునేవాడు. పాలవాడితో తగువు, కరెంటు బిల్లుతో తగువు. వీధిలో ఎవరైనా "ఏం సార్, ఇంట్లోనే ఉండారే?" అంటే "లీవులో ఉండా" అనేవాడు. ఎన్ని నెలలు లీవులో ఉంటాడు మనిషి? చూడలేక మా మేనేజరును అడిగాను.

మేనేజరు తమిళుడు, కొన్నేళ్ళు అమెరికాలో ఉండి వచ్చినవాడు, ముక్కుసూటి మనిషి. "మీ నాన్నకు కంప్యూటర్ తెలుసా?" అన్నాడు.

"ఇల్లు తెలుసు సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. "సరి, ట్రయల్ మీద రమ్మను. కొత్తవాళ్ళందరికీ పెట్టిన రూలే. ఆరు నెలలు నేర్చుకోనీ. ఆఖర్న ఒక ఇల్లు మొత్తం, కప్పుతో సహా, ఒక్కరే లేపాలి. లేపితే ఉద్యోగం, లేకపోతే నమస్కారం. ఆ రోజు నువ్వు చెయ్యి వేయకూడదు."

ఆ సంగతి చెప్తే నాయన మొహం వెలిగింది, ఆ వెంటనే చిన్నబోయింది. ఆ బల్ల ముందు అన్నేళ్ళు నిలబడినా, ఈ పని నీకు రాదు అని ఆయనతో అన్నవాడు లేడు. ఇప్పుడు కూతురు పనిచేసే చోట, కూతురి కళ్ళ ముందు ఆ మాట పడితే? ఆయన భయం అదొక్కటే. నా భయమూ అదే.

"ఆఫీసులో నన్ను నాయనా అనబాక పాపా, బాగుండదు" అన్నాడు మొదటి రోజు బస్సులో. మరేమని పిలవను? సార్ అన్నాను. ఆయన నన్ను మేడం అన్నాడు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటు కానిదేముంది లోకంలో.

మౌసు పట్టుకోవడం తొందరగానే నేర్చాడు. గోడలు గీశాడు, గదులు విడదీశాడు, తలుపులు, కిటికీలు పెట్టాడు. ఆ ప్లాను చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది, అంత పొందిక. ఇక కప్పు వేయమని నొక్కగానే మొదలయ్యేది తమాషా. మామూలు చిల్లులు కాదు. ఇంటికి నాలుగు వైపులా కొమ్ములు. ముద్దుగా ఉన్న ఇల్లు చూస్తుండగానే ముళ్ళపందిలా తయారయ్యేది. నేను పోయి బాగుచేసేదాన్ని. బాగుచేయడమంటే, ఎందుకొచ్చిందో తెలియక ఆ పక్క గోడలు పీకేసి నేనే మళ్ళీ గీసేదాన్ని. నేను గీస్తే కప్పు బుద్ధిగా కూర్చునేది. ఆయన గీస్తే లేచేది. ప్రోగ్రాముకు కూడా ఆయనంటే లోకువేనా అనిపించేది.

నా పని, నాయన పని, ఇంకా "రూఫ్ అక్కా" అని పిలిచే ప్రతివాడి పనీ. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. బస్సులో ఆయన ఊరుకుంటాడా? "ఇయ్యాళ ఆ వంటింటి పక్క ఎందుకు లేసిందంటావు?" అని మొదలుపెట్టేవాడు.

"తెలీదు నాయనా. గమ్మునుండు కొంచేపు."

"నీకే తెలీకపోతే ఎట్టా?"

ఆ మాటకు ఒళ్ళు మండేది. కిటికీలోంచి కూవం నది కంపు, పక్కన ఈయన ప్రశ్నలు.

మా ఆఫీసు అకౌంటెంటు కొత్వాల్ బజారు వైపు పాత తెలుగు వ్యాపారస్తుల కుటుంబం వాడు. ఒకరోజు నాయన వినేలా అన్నాడు, "ఏందమ్మా నీ అవస్థ! మొక్కై వంగనిది మానై వంగతాదా?"

"మీ లెక్కలు మీరు చూసుకోండి సార్" అన్నాను గట్టిగా. నాయన తల ఎత్తలేదు. మెడ మాత్రం ఎర్రబడింది.

అలా మూడు నెలలు దాటాయి. ఒక మధ్యాహ్నం, అందరూ అన్నం తిని మగతగా ఉన్న వేళ, నాయన గీసిన ఇల్లొకటి ముందేసుకుని కూర్చున్నాను. ఎత్తులన్నీ సరే, చూరు సరే. విసుగొచ్చి కప్పు సంగతి పక్కన పెట్టి, గోడల లోపలి చెక్కలు చూపించే బొమ్మ తెరిచాను. ఒక మూలలో ఉండాల్సిన వాటికన్నా రెండు చెక్కలు ఎక్కువున్నాయి. ఎందుకబ్బా అని ఆ మూలను పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. రెండు గోడలు మూల దగ్గర కలిసి ఆగలేదు. ఒకదాన్నొకటి దాటుకుని, చెరొక జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. ఇంకో మూల చూశాను. అక్కడా అంతే. ఇల్లంతా అంతే, ఒక్క మూల మిగలకుండా.

"సార్, ఒకసారి ఇలా రండి" అన్నాను.

వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "మూల మేడం."

"మూలే. గోడ మూల దాటి ఎందుకు పోయింది?"

"దాటాల్సిందే గదా" అన్నాడు ఆశ్చర్యంగా. నాకు ఆ మాత్రం తెలియనందుకు ఆశ్చర్యం. "మూల కాడికొచ్చి టక్కున ఆగిపోయే గీత నేర్చుకునేవోడి గీత. చెయ్యి తిరిగినోడు రెండు గీతలనీ రవ్వంత దాటిచ్చి వదులుతాడు. అప్పుడు మూల తేటగా తెలస్తాది. మా ఇంజనీరు మొదటి దినమే నేర్పిచ్చినాడు."

నిజమే. ఆయన పాత ప్లాన్లలో ప్రతి మూలలోనూ ఆ చిన్న దాటు ఉంటుంది. చిన్నప్పుడు అది అందం కోసం అనుకునేదాన్ని.

"మరి ఇందులో మూల దగ్గరికి రాగానే గీతను పట్టి అతికించేది ఒకటుంది కదా? అది ఏమైంది?"

"దాన్ని ఆపేసినా" అన్నాడు. "చెయ్యి పట్టుకుని లాగతా ఉండాది. నేనేమన్నా గుడ్డోడినా?"

కొండను తవ్వి ఎలుకను పట్టానని నవ్వాలో, ఇన్ని నెలలు ఈ ఎలుక కోసమా నడుం విరగ్గొట్టుకున్నానని ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. నవ్వుతూనే అరిచాను. "కాగితం మీదైతే అది గీత నాయనా! మేస్త్రీ చూస్తాడు, మూల అనుకుంటాడు, సరిగ్గా కడతాడు. ఇక్కడ గీత అంటూ లేదు, గీసిందంతా గోడే. ఈ మొద్దుకు నువ్వు దాటించిన ముక్క కూడా గోడే. ఎవరో ఇక్కడ జానెడు గోడ అడిగారు కాబోలనుకుని దానిలో చెక్కలు నిలబెడుతోంది. నిలబెట్టి, దాని నెత్తిన కప్పు వేయబోతోంది. అందుకే కొమ్ములు!"

సార్ అనడం మరిచిపోయి నాయనా అన్నానని అందరూ ఇటు తిరిగాక తెలిసింది. ఆయన అది పట్టించుకోలేదు. తెర మీది మూలలను ఒక్కొక్కటీ వేలితో తాకుతూ పోయాడు.

"అయితే నేను గీసిన ప్రతి ఇంటికీ మూలమూలకీ మొండిగోడ కట్టినానా?"

"కట్టావు."

"రామ రామ" అన్నాడు మెల్లగా. పోయి కుర్చీలో కూర్చున్నాడు.

తప్పు దొరికింది కాబట్టి ఇక తేలికే అనుకున్నాను. ఆయన చేతికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అతికించేదాన్ని మళ్ళీ పెట్టించాను. అది గోడను మూలలో పట్టుకున్నాక కూడా ఆయన చెయ్యి ఇంకొంచెం ముందుకు తోసేది. చూసుకుని, నాలిక కరుచుకుని, వెనక్కి లాగేవాడు. ఒకటి లాగేలోపు ఇంకొకటి దాటిపోయేది. "నేను దాటిచ్చడంలే పాపా, అదే దాటతా ఉండాది" అనేవాడు. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఈ కథ చెప్తే అమ్మ పడీపడీ నవ్వింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా" అంది.

"నీ సామెతలు నువ్వే నంజుకో" అన్నాడు నాయన.

నవ్వులాట అక్కడితో సరి. ఆదివారాలు కూడా ఆయన ఒక పాత ప్లాను వెనక పెన్సిలుతో చతురస్రాలు గీస్తూ కూర్చునేవాడు, గీత మూల దగ్గర ఆపడం కోసం. మణికట్టుకు తైలం రాసి ఉండేది. కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. జీవితమంతా వచ్చినదాన్ని రాకుండా చేసుకోవడానికి ఒక మనిషి అంత కష్టపడుతుంటే చూడడం నావల్ల కాలేదు. వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. మేనేజరు మీదా, అమెరికా మీదా, మిద్దె వేసుకుని హాయిగా ఉండక వంకరటింకర కప్పులు కావాలనే ఆ జనం మీదా.

ఆరో నెల ఆఖర్న మేనేజరు ఆయనకు ఇల్లిచ్చాడు. తేలికది ఇవ్వలేదు పుణ్యాత్ముడు. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క ఇరుకుగా రెండు భాగాలు. ముందు ఒక వసారా. రెండు భాగాల కప్పుల నడికొప్పులు, అంటే వాలులు పైన కలిసే అంచులు, రెండెత్తుల్లో వస్తాయి. అవి కలిసే చోట వాన నీళ్ళు దిగే లోయ సరిగ్గా పడాలి. అది నాకు ఇచ్చినా ఒకసారి నిట్టూర్చేదాన్ని. నన్ను దూరం వరసలో కూర్చోబెట్టారు. నాకు నాయన వీపు, చొక్కా కాలరు, భుజం పక్కనుంచి రవ్వంత తెర తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ రోజు నేను చేసిన పని సున్నా. ఎవరు పిలిచినా "రేపు" అన్నాను. మధ్యాహ్నం ఆయన క్యారియరు విప్పలేదు. పెరుగన్నం అలాగే ఉంది. నీళ్ళ వంకతో లేచి ఆ వైపు పోయి చూశాను. గోడలు బాగున్నాయి, మూలలు శుభ్రంగా ఉన్నాయి. కప్పు వేశాడు. పెద్ద భాగం కూర్చుంది, చిన్నది కూర్చుంది, లోయ పడింది. వసారా మీద మాత్రం పెద్ద చిల్లు. ఆకాశం కనిపిస్తోంది. నాకు చూడగానే తెలిసిపోయింది, వసారా గోడ ఎత్తు తక్కువుంది. నోటిదాకా వచ్చింది. మేనేజరు అద్దాల గదిలోంచి నన్నే చూస్తున్నాడు. నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

చాలాసేపు నాయన కదలలేదు. అయిపోయింది అనుకున్నాను. ఈయనను నేనే తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాను, ఇప్పుడు నేనే వెంటబెట్టుకుని తీసుకుపోవాలి అనుకున్నాను. ఆయన కప్పు మొత్తం పీకేయడం దూరం నుంచే తెలిసింది. తెర తెల్లబడింది. గోడలను ఒక్కొక్కటీ పట్టుకుని చూసుకుంటూ పోయాడు. సాయంత్రం టీ వచ్చి చల్లారిపోయింది. మళ్ళీ కప్పు వేయమని నొక్కాడు.

కుర్చీ వెనక్కి జరిపి, జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, కూర్చుందని.

మేనేజరు వచ్చి ఇంటిని తెర మీద అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కప్పు తీసి లోపలి చెక్కలు చూశాడు. వసారా పక్క మళ్ళీ చూశాడు. "ప్రమాదం సార్" అన్నాడు నాయన భుజం తట్టి. తమిళంలో అది మెచ్చుకోలు, బ్రహ్మాండం అన్నట్టు. "సోమవారం నుంచి మీరు పర్మనెంట్." అందరూ చప్పట్లు కొట్టారు. అకౌంటెంటు వచ్చి చెయ్యి కలిపాడు. నేను మాత్రం బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, తీరా ఏడుపు రాక, మొహం కడుక్కుని వచ్చాను. అంత అలసట.

బస్సులో మౌంట్ రోడ్డు దాటాక సీటు దొరికింది. ఆయన కిటికీ పక్కన, నేను ఇటు. "దిగగానే అమ్మకు మిఠాయి కొందాం నాయనా" అన్నాను.

"కొందాంలే." కాస్త ఆగి, "పాపా, ఒక మాట అడిగేదా?"

"అడుగు."

"నేను పాసయినాను గదా?"

"అయ్యావు కదా, ఇంకా అనుమానమా?"

"అయితే ఇంక మానేసేదా?"

మొదట నాకు ఎక్కలేదు. ఎక్కాక బస్సు దద్దరిల్లేలా అరిచాను. "ఆరు నెలలు నా ప్రాణాలు తోడేసి, ఈరోజు పొద్దుటినుంచి నన్ను చంపి, ఇప్పుడు మానేస్తావా? ఆ ముక్క ముందే చెప్తే నోరు పడిపోతుందా?" ముందు సీటులోని పూలమ్మే ఆవిడ వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసింది. కండక్టరు చూశాడు. నాయన నా అరుపు అయ్యేదాకా ఆగాడు.

"రానోడని వాళ్ళు పంపిచ్చేస్తే, ఆ మాట చచ్చేదాకా నా యెనకాలే వస్తాదమ్మా. ఇప్పుడు నాకొచ్చు. వచ్చినోడు మానుకుంటే అది వాడి ఇష్టం." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "ఆ కట్టెల ఇండ్లు యాడుండాయో, వాటిల్లో ఎవురుంటారో. పోయి ఒక్కదాని ముందర నిలబడి చూసుకునేదానికి లేదు. కండ్లు మంటలు. అలిసిపోయినా పాపా. నువ్వు ఆయన్ని బతిమాలి పెట్టిచ్చినావే, నడమన ఎట్టా చెప్పేది?"

ఇక నా కోపానికి చోటెక్కడ? అరిచిన గొంతు నొప్పి పుడుతోంది.

"సరే, మానెయ్" అన్నాను.

"కోపమా?"

"కోపమే."

ఆయన నవ్వాడు. ఎన్నో నెలల తరవాత నవ్వడం అది. సీటులో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. నాకప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. సోమవారం పొద్దున మళ్ళీ ఆ మెట్లెక్కాలని తలుచుకుంటే కాళ్ళు పీకాయి. నేను కూడా ఎవరినైనా అలాగే అడగాలనిపించింది, ఇంక మానేసేదా అని. అడుగుదామని పక్కకు తిరిగాను. నాయన అప్పటికే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.